అరవైల అమెరికన్ పాప్ తొలి సోలో ఆల్బమ్‌లలో ఎవరు వాయించారో తెలుసుకోవడం ఎలా?

1960లలో అమెరికాలో వెలువడిన ఒక పాప్ గాయకుడి తొలి సోలో ఆల్బమ్‌ను చేతిలోకి తీసుకుంటే, కవర్ మీద గాయకుడి ఫొటో, పేరు కనిపిస్తాయి. వెనుకవైపు పాటల పేర్లు, వాటిని రాసినవారి పేర్లు, నిర్మాత పేరు, ఒక్కోసారి అరేంజర్ (ఏ వాయిద్యం ఏమి వాయించాలో కూర్చి రాసేవారు) పేరు ఉంటాయి. పాటను మొదటి నుంచి చివరి దాకా నిలబెట్టిన డ్రమ్స్ ఎవరు వాయించారో, గానం మొదలు కాకముందే మనసులో నాటుకుపోయే బేస్ గిటార్ వరస ఎవరిదో చాలా కవర్ల మీద ఉండదు. ఆ పని చేసినవారు సెషన్ వాద్యకారులు. మూడు గంటల సెషన్‌కు ఇంత అన్న లెక్కన స్టూడియోకు వచ్చి, అప్పటికప్పుడు ఎదురుగా పెట్టిన కాగితం చూసి వాయించి, ఆ రోజే మరో స్టూడియోలో మరొక గాయకుడికి వాయించడానికి వెళ్లిపోయినవారు. మద్రాసులో రికార్డయిన మన పాత సినిమా పాటల రికార్డుల మీద గాయనీగాయకుల పేర్లు, సంగీత దర్శకుడి పేరు తప్ప వేణువు, సితార్, వయొలిన్ వాయించినవారి పేర్లు కనబడకపోవడం ఎరిగిన పాఠకులకు ఈ పరిస్థితి కొత్తది కాదు.

లాస్ ఏంజెలెస్ రికార్డింగుల విషయంలో మాత్రం ఒక వెసులుబాటు ఉంది. అక్కడి వాద్యకారుల సంఘం ప్రతి సెషన్‌కూ పత్రం రాయించేది. వాటిలో చాలా పత్రాలు మిగిలాయి. ఓపికగా వెతికితే పేర్లు దొరుకుతాయి. సోలో అని రాసి ఉన్నా ఏ ఆల్బమూ ఒక్కరిది కాదని, అది ఎవరెవరిదో పేరుపేరునా తెలిసినప్పుడే ఆ గాయకుడు సొంతంగా తీసుకున్న నిర్ణయాలేవో కూడా స్పష్టంగా వినిపిస్తాయని నా నమ్మకం. ఆ పరిశోధనను ఇంట్లో కూర్చుని, ఒక మంచి హెడ్‌ఫోన్‌తో, ఒక నోటుపుస్తకంతో ఎలా చేయాలో వరుసగా చెబుతాను.

ముందు ఏది తొలి ఆల్బమో తేల్చుకోండి

ఎంచుకున్నది నిజంగా ఆ వ్యక్తి తొలి సోలో ఆల్బమేనా అన్నది మొదటే నిర్ధారించుకోవాలి. ఆ దశకంలో రికార్డు కంపెనీలు కవర్ మీద పేర్లను తమ వ్యాపార అవసరాన్ని బట్టి నిర్ణయించేవి. గ్లెన్ క్యాంప్‌బెల్ సంగతి చూడండి. ఆర్కాన్సా రాష్ట్రంలో పుట్టి, 1960లో లాస్ ఏంజెలెస్ చేరి, నొటేషన్ చదవడం రాకపోయినా విన్నది విన్నట్టు వాయించగల గిటార్ వాద్యకారుడిగా స్టూడియోల్లో స్థిరపడిన ఆయన పాటలతో క్యాపిటల్ కంపెనీ 1962లో 'బిగ్ బ్లూగ్రాస్ స్పెషల్' అనే ఆల్బమ్ విడుదల చేసింది. దాని మీద ముందున్నది గ్రీన్ రివర్ బాయ్స్ అనే బృందం పేరు. ఆ తర్వాతే క్యాంప్‌బెల్ పేరు. ఆయన ఒక్కడి పేరుతో వచ్చిన మొదటి ఆల్బమ్ 1963 నాటి 'టూ లేట్ టు వర్రీ, టూ బ్లూ టు క్రై'. మంకీస్ బృందంలో ఉండగానే మైకేల్ నెస్మిత్ 1967 నవంబరులో పెద్ద సంఖ్యలో సెషన్ వాద్యకారులను కూర్చి రికార్డు చేయించిన 'ది విచిటా ట్రెయిన్ విజిల్ సింగ్స్' ఆయన తొలి సోలో ప్రయత్నమే కానీ, అందులో ఆయన గొంతు వినబడదు, అదంతా వాద్యసంగీతమే. కాబట్టి మీరు దేనిని తొలి ఆల్బమ్‌గా లెక్కిస్తున్నారో, ఎందుకు లెక్కిస్తున్నారో నోటుపుస్తకంలో మొదటి పంక్తిగా రాసుకోండి.

అభ్యాసానికి నేను సూచించేది జీన్ క్లార్క్ తొలి సోలో ఆల్బమ్. బర్డ్స్ బృందం తొలినాళ్లలో వారి సొంత పాటల్లో ఎక్కువ భాగం రాసిన క్లార్క్ 1966లో బయటికి వచ్చి చేసిన ఈ రికార్డు 'జీన్ క్లార్క్ విత్ ది గాస్డిన్ బ్రదర్స్' అన్న పేరుతో 1967 ఫిబ్రవరిలో వెలువడింది. అదే కొలంబియా కంపెనీ అదే నెలలో ఆయన పాత బృందం బర్డ్స్ కొత్త ఆల్బమ్‌ను కూడా విడుదల చేయడంతో క్లార్క్ రికార్డు మరుగున పడింది. అంత మంచి రికార్డుకు అలా జరగడం నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. మన పనికి మాత్రం ఇది చక్కగా సరిపోతుంది: పాత బృందం సభ్యులు, వృత్తి సెషన్ వాద్యకారులు, అప్పటికింకా పెద్దగా పేరు రాని కొత్తవారు ఇందులో కలిసి వాయించారు.

ఒకే ఊరికి కట్టుబడి ఉండడం కూడా అవసరం. నాష్‌విల్, డెట్రాయిట్, మెంఫిస్, మజిల్ షోల్స్‌లలో వేర్వేరు వాద్యకారుల బృందాలు, వేర్వేరు అలవాట్లు ఉండేవి. లాస్ ఏంజెలెస్ పూర్తిగా అలవాటయ్యాక మిగతా ఊళ్లకు వెళ్లవచ్చు.

సరైన ప్రతిని వినండి

ఒకే ఆల్బమ్ పలు రూపాల్లో తిరుగుతూ ఉంటుంది. జీన్ క్లార్క్ ఆల్బమ్‌నే కొలంబియా 1972లో మళ్లీ మిక్స్ చేసి (అంటే విడివిడిగా రికార్డయిన శబ్దాల పాళ్లను మార్చి కలిపి), పాటల వరుస మార్చి, 'ఎర్లీ ఎల్.ఏ. సెషన్స్' అన్న పేరుతో తిరిగి విడుదల చేసింది. అందులో విన్న గిటార్‌ను 1967 ప్రతికి ఆపాదిస్తే పరిశోధన మొదట్లోనే పక్కదారి పడుతుంది. మోనో, స్టీరియో ప్రతులు కూడా ఆ కాలంలో విడివిడిగా మిక్స్ అయ్యేవి. స్ట్రీమింగ్ సేవల్లో కనిపించే సంవత్సరం చాలాసార్లు పునర్విడుదల సంవత్సరమై ఉంటుంది. కనుక మీరు వింటున్నది ఏ ఏడాది ప్రతి, మోనోనా స్టీరియోనా అన్నది రాసుకున్న తర్వాతే ముందుకు వెళ్లండి.

కవర్‌ను, లేబుల్‌ను చదవండి

వాద్యకారుల పేర్లు లేకపోయినా కవర్ వృథా కాదు. అన్నిటికన్నా విలువైనది అరేంజర్ పేరు. ప్రతి అరేంజర్‌కూ తాను నమ్ముకున్న వాద్యకారులు కొందరు ఉండేవారు కాబట్టి, ఆ ఒక్క పేరు తెలిస్తే వెతకవలసిన పరిధి ఎంతో తగ్గుతుంది. జాక్ నిచ్‌చే, బిల్లీ స్ట్రేంజ్, హెరాల్డ్ బటీస్ట్, ఆల్ డి లోరీ, లియాన్ రస్సెల్ వంటివారి పేర్లు కనబడితే గుర్తు పెట్టుకోండి. వీరిలో పలువురు స్వయంగా సెషన్‌లలో వాయించినవారే. జీన్ క్లార్క్ ఆల్బమ్‌లో మొదటి పాట 'ఎకోస్'కు తీగవాద్యాలను, గాలివాద్యాలను కూర్చినది లియాన్ రస్సెల్.

రెండవది స్టూడియో. కవర్ మీద స్టూడియో పేరు లేనప్పుడు లేబుల్ మీది మాస్టర్ నంబరు, అంటే ఆ రికార్డింగుకు కంపెనీ ఇచ్చిన సంఖ్య, సాయపడవచ్చు. కొలంబియా సంస్థ హాలీవుడ్‌లో చేసిన రికార్డింగుల నంబర్లకు ముందు హెచ్‌సీవో అన్న అక్షరాలు ఉండేవి. నంబర్లు దగ్గరదగ్గరగా ఉన్న పాటలు సాధారణంగా దగ్గరదగ్గర రోజుల్లో రికార్డయినవే. ఇలా ఆల్బమ్‌లోని పాటలను రెండు మూడు గుంపులుగా విడదీయగలిగితే, ప్రతి గుంపులో వాయించినవారు చాలావరకు ఒకరే అన్న ఊహతో పని కొనసాగించవచ్చు. అది ఊహే సుమా. రుజువు తర్వాత రావాలి.

పాట రచయిత పేరును కూడా అనుమానంతోనే చదవండి. మ్యాక్ రెబెనాక్ అనే న్యూ ఆర్లీన్స్ సెషన్ వాద్యకారుడు డాక్టర్ జాన్‌గా వచ్చిన తన తొలి ఆల్బమ్‌లో పాటలను డాక్టర్ జాన్ క్రో అన్న కలం పేరుతో నమోదు చేసుకున్నాడు. ఒప్పందాల చిక్కులు, రాయల్టీ లెక్కలు ఆ రంగంలో మారుపేర్లకు తరచుగా కారణమయ్యేవి.

యూనియన్ పత్రాన్ని ఎలా చదవాలి

ఈ మొత్తం పనికి వెన్నెముక ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగుదాం. అమెరికా వాద్యకారుల సమాఖ్యకు లాస్ ఏంజెలెస్‌లో ఉన్న శాఖ లోకల్ 47. సెషన్ జరిగిన ప్రతిసారీ తేదీ, వేళలు, స్టూడియో, రికార్డు కంపెనీ, రికార్డు చేసిన పాటలు, వాయించినవారి పేర్లు, వారికి చెల్లించవలసిన మొత్తాలు ఒక పత్రంలో నింపి దాఖలు చేసేవారు. వేతనం, పింఛను ఈ పత్రం మీదనే ఆధారపడి ఉండేవి కనుక, వాయించినవాడు తన పేరు తప్పిపోకుండా చూసుకునేవాడు. దీని విశ్వసనీయతకు మూలం అదే. ప్రసిద్ధమైన ఆల్బమ్‌ల పత్రాలను పరిశోధకులు వెలికితీసి బయట పెట్టారు. సీడీ పునర్విడుదలల వెంట వచ్చే పుస్తకాల్లో కూడా వాటి సారాంశం ఉంటుంది. మీరు ఎంచుకున్న ఆల్బమ్‌కు అటువంటి పుస్తకం ఉంటే దానినే ముందు సంపాదించండి.

పత్రం చేతికి వచ్చాక, పేర్ల పక్కన ఉన్న మొత్తాలను చూడండి. ఒకరికి మిగతావారికన్నా రెట్టింపు ఉంటే ఆయన లీడర్‌గానో, వాద్యకారులను పిలిపించే కాంట్రాక్టర్‌గానో నమోదైనట్టు. కొంత మాత్రమే ఎక్కువ ఉంటే ఒకటికి మించిన వాయిద్యం వాయించి ఉండవచ్చు. లీడర్ అన్న మాటను మాత్రం సంగీతాన్ని నడిపించినవాడు అన్న అర్థంలో తీసుకోకండి. బీచ్ బాయ్స్ 1966లో విడుదల చేసిన 'పెట్ సౌండ్స్' సెషన్లలో సంగీతమంతా బ్రయన్ విల్సన్ ఆలోచన ప్రకారం నడిచినా, పలు పత్రాల్లో లీడర్‌గా డ్రమ్మర్ హాల్ బ్లేన్ పేరు ఉంటుంది. అది చెల్లింపుల కోసం చేసిన ఏర్పాటు.

పత్రం సెషన్‌కు సంబంధించినదే తప్ప ఆల్బమ్‌కు సంబంధించినది కాదన్నది ఎప్పుడూ మరవకూడదు. దీనిని మరచినందువల్ల ఎంత పెద్ద అపోహ పుడుతుందో బర్డ్స్ చరిత్ర చెబుతుంది. 1965 జనవరి 20న కొలంబియా హాలీవుడ్ స్టూడియోలో 'మిస్టర్ టాంబరీన్ మ్యాన్' పాటను రికార్డు చేసినప్పుడు బృందంలో వాయిద్యం పట్టినది రోజర్ మెగ్విన్ ఒక్కడే. డ్రమ్స్ హాల్ బ్లేన్, బేస్ ల్యారీ నెక్టెల్, గిటార్ జెర్రీ కోల్, ఎలక్ట్రిక్ పియానో లియాన్ రస్సెల్. ఆ రోజు రికార్డయినవి ఆ సింగిల్‌కు (పక్కకో పాట ఉండే చిన్న రికార్డుకు) చెందిన రెండు పక్కల పాటలే. అదే పేరుతో తర్వాత వచ్చిన ఆల్బమ్‌లోని మిగతా పాటలను బృంద సభ్యులే వాయించారు. అయినా ఆల్బమ్ మొత్తాన్ని సెషన్‌వారే వాయించారన్న మాట ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది. ఆ యువకులకు అది అన్యాయం.

తర్వాతి రోజుల్లో విడిగా కలిపిన వాయిద్యాలకు వేరే పత్రం ఉంటుంది, లేదా దొరకదు. యూనియన్‌కు తెలియకుండా చేసిన డెమో రికార్డింగులకు పత్రమే ఉండదు. అసలు సెషన్ వాద్యకారులే లేని ఆల్బమ్‌లు కూడా ఉన్నాయి: స్కిప్ స్పెన్స్ 1968 డిసెంబరులో నాష్‌విల్‌లో రికార్డు చేసి, 1969లో కొలంబియా ద్వారా విడుదలైన తన సోలో ఆల్బమ్ 'ఓర్'లో వాయిద్యాలన్నీ తానే వాయించాడు.

ఇంటర్వ్యూలు, జ్ఞాపకాలు పత్రాల తర్వాతి స్థానంలో ఉంచవలసినవి. రోజుకు రెండు మూడు సెషన్లు వాయించినవారికి దశాబ్దాల తర్వాత ఏ పాట ఎవరిదో కలగాపులగం కావడం సహజం. పేర్ల విషయంలో కూడా జాగ్రత్త వహించండి. ఈ వాద్యకారులను నేడు అందరూ రెకింగ్ క్రూ అంటున్నారు కానీ, ఆ పేరు విస్తృతంగా ప్రచారంలోకి వచ్చినది హాల్ బ్లేన్ 1990లో తన ఆత్మకథ ప్రచురించిన తర్వాత. తాము పనిచేసిన కాలంలో అలాంటి పేరు లేదని బేస్ వాద్యకారిణి కెరల్ కే గట్టిగా చెబుతూ వచ్చారు. కనుక అరవైల నాటి పత్రికల్లో, కవర్లలో ఆ పేరు కోసం వెతకకండి. వ్యక్తుల పేర్లతో వెతకండి. హాల్ బ్లేన్ తాను వాయించిన పాటల కాగితాల మీద తన పేరున్న రబ్బరు ముద్ర వేసే అలవాటున్నవాడు. అటువంటి కాగితం ఫొటో ఎక్కడైనా కనిపిస్తే అది జ్ఞాపకం కన్నా బలమైన ఆధారం.

ఇప్పుడు చెవితో

పాటను ఒక్కో వాయిద్యం కోసం ఒక్కోసారి వినాలి. ఒకసారి డ్రమ్స్ మాత్రమే, మరోసారి బేస్ మాత్రమే, ఇంకోసారి గిటార్లు మాత్రమే. స్టీరియో ప్రతి ఉంటే ఒక ఉపాయం ఉంది: అరవైల స్టీరియో మిక్స్‌లలో వాయిద్యాలను చాలాసార్లు పూర్తిగా ఒకే పక్కకు నెట్టేవారు. హెడ్‌ఫోన్‌లో ఒక చెవిదే పెట్టుకుని వింటే, రెండు చెవులతో విన్నప్పుడు గాత్రం కింద మునిగిపోయిన గిటార్ ఒక్కసారిగా ఎదుట నిలబడుతుంది.

డ్రమ్స్‌తో మొదలుపెట్టేవారు 1963లో గోల్డ్ స్టార్ స్టూడియోలో రికార్డయిన రోనెట్స్ పాట 'బీ మై బేబీ' ఆరంభాన్ని ముందు విని గుర్తు పెట్టుకోవాలి. సాధారణంగా రెండవ, నాలుగవ దెబ్బల మీద పడే స్నేర్ డ్రమ్‌ను హాల్ బ్లేన్ అక్కడ నాలుగవ దెబ్బకే పరిమితం చేశాడు. ఆ ఖాళీయే ఆ పాటకు అంత విశాలతనిచ్చింది. అయితే ఆ తాళం వినబడిన ప్రతిచోటా బ్లేన్ ఉన్నాడనుకోకండి; ఆ పాట విజయం తర్వాత ఎందరో అనుకరించారు.

బేస్ విషయంలో ముందు గమనించవలసినది తీగను దేనితో మీటుతున్నారన్నది. కెరల్ కే, జో ఆస్బర్న్ ఇద్దరూ వేలితో కాక పిక్‌తో (తీగ మీటే చిన్న బిళ్లతో) మీటేవారు కాబట్టి ప్రతి స్వరం ఆరంభంలో చిన్న టక్కుమన్న శబ్దం ఉంటుంది. డెట్రాయిట్‌లో జేమ్స్ జేమర్సన్ ఒకే వేలితో వాయించిన బేస్ దీనికన్నా గుండ్రంగా, మెత్తగా వినిపిస్తుంది. ఈ తేడా చెవికి పట్టుబడితే ఒక రికార్డు ఏ ఊరిదో చాలాసార్లు చెప్పవచ్చు. ఒకే పాటలో ఇద్దరు బేస్ వాయించే పద్ధతి కూడా లాస్ ఏంజెలెస్‌లో ఉండేది. నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి నిలువు బేస్ లోతును ఇస్తే, దానితో కలిసి నడిచే ఎలక్ట్రిక్ బేస్ స్పష్టతను ఇచ్చేది. బేస్ మరీ లావుగా, అదే సమయంలో అంచు పదునుగా వినిపిస్తే పేరు ఒకటే ఉంటుందని అనుకోకండి.

ఒక్కొక్కరిని ఒక్కొక్క వాయిద్యానికి కట్టేయడం కూడా సరికాదు. బర్డ్స్ పాటలో బేస్ వాయించిన ల్యారీ నెక్టెల్‌దే 1970 నాటి 'బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్'లోని పియానో. జీన్ క్లార్క్ ఆల్బమ్‌లో బర్డ్స్ సభ్యులు క్రిస్ హిల్‌మన్, మైకేల్ క్లార్క్ బేస్, డ్రమ్స్ వాయించారని తెలిసిన తర్వాత, వారి నడకకూ గ్లెన్ క్యాంప్‌బెల్, క్లారెన్స్ వైట్ గిటార్లకూ, డగ్ డిలార్డ్ బాంజోకూ మధ్య ఉన్న సంబంధాన్ని వినండి. జీన్ క్లార్క్ పాటల్లోని తడబాటు లేని విషాదం చుట్టూ ఆ కంట్రీ సంగీతపు ఛాయ ఎలా చేరిందో అప్పుడు అర్థమవుతుంది. ఇది 1967 ఆరంభం. కంట్రీ, రాక్ కలయిక పెద్ద ఉద్యమంగా మారడానికి ఇంకా సమయముంది.

చెవి చెప్పినది పత్రానికి తోడు నిలవాలి తప్ప పత్రం స్థానాన్ని ఆక్రమించకూడదు. నోటుపుస్తకంలో ప్రతి పేరు పక్కన అది పత్రం నుంచి వచ్చిందా, జ్ఞాపకం నుంచా, మీ చెవి నుంచా అన్నది రాయండి. డిస్కాగ్స్ (రికార్డుల వివరాలను వాడుకరులే చేర్చే వెబ్‌సైటు) వంటి చోట్ల వివరాలు చేర్చదలిస్తే మొదటి రకం పేర్లనే చేర్చండి.

వాద్యకారుడే గాయకుడైనప్పుడు

పాఠకుడు ఇక్కడి దాకా వస్తే అసలైన ఆనందం మొదలవుతుంది. ఇతరుల పాటలకు వాయించినవాడు తన పేరుతో ఆల్బమ్ చేసినప్పుడు ఏమి ఎంచుకున్నాడన్నది చూడాలి. పద్ధతి సులువైనదే: అతడు సెషన్‌లో వాయించిన రెండు మూడు పాటలను, అతడి తొలి ఆల్బమ్‌ను ఒకే పూట వినండి. సెషన్‌లో అతడికి అనుమతి లేని పని, సోలోలో చేసినది ఏమిటని అడగండి.

హాల్ బ్లేన్ 1963లో ఆర్‌సీఏ విక్టర్‌కు చేసిన ఆల్బమ్, ఆ రోజుల్లో జోరుగా ఉన్న కార్ల పాటల ధోరణికి లోబడినది. 1967లో డన్‌హిల్ సంస్థకు చేసిన 'సైకెడెలిక్ పర్కషన్'లోనే ఆయనకు తాళవాద్యాలతో ఇష్టం వచ్చినట్టు ఆడుకునే వీలు కలిగింది. గ్లెన్ క్యాంప్‌బెల్ విషయంలో కూడా తొలి ఆల్బమ్‌లు కంపెనీ చేసిన ప్రయోగాలుగానే వినిపిస్తాయి. సెషన్లలో తనతో పాటు కీబోర్డు వాయించిన ఆల్ డి లోరీ నిర్మాతగా వచ్చాక, 1967లో వచ్చిన 'జెంటిల్ ఆన్ మై మైండ్' నుంచి ఆయన గొంతుకు తగిన చోటు దొరికింది. వరుసలో అది తొలి ఆల్బమ్ కాకపోయినా గుణంలో అదే ఆయన అసలు ఆరంభమని నేను భావిస్తాను. 1968 నాటి 'విచిటా లైన్‌మన్' పాట మధ్యలో వచ్చే ఆ లోతైన గిటార్ స్వరం, కెరల్ కే దగ్గరి ఆరు తీగల డానెలెక్ట్రో బేస్ తీసుకుని క్యాంప్‌బెల్ స్వయంగా వాయించినది. అప్పటికి ఆయన తారే అయినా, ఆ కొన్ని క్షణాల్లో సెషన్ వాద్యకారుడి మితభాషణే వినిపిస్తుంది.

అన్నిటిలోనూ ఆసక్తికరమైనది డాక్టర్ జాన్ తొలి ఆల్బమ్ 'గ్రీ-గ్రీ'. తుపాకీ గుండు తగిలి ఎడమచేతి వేలు దెబ్బతినడంతో గిటార్ తగ్గించి పియానో, ఆర్గన్ వైపు మళ్లిన రెబెనాక్, అరవైల మధ్యలో లాస్ ఏంజెలెస్ చేరి సెషన్లతో జీవనం గడిపాడు. సానీ అండ్ షేర్ జంటకు అరేంజర్‌గా ఉన్న హెరాల్డ్ బటీస్ట్ కూడా న్యూ ఆర్లీన్స్‌వాడే. ఆ జంట సెషన్లలో మిగిలిన స్టూడియో సమయాన్ని వాడుకుని 1967లో గోల్డ్ స్టార్‌లో రెబెనాక్, బటీస్ట్ ఈ ఆల్బమ్‌ను రికార్డు చేశారు. 1968లో ఆట్కో విడుదల చేసింది. వాయించినవారు, పాడినవారు ఎక్కువమంది సొంత ఊరు వదిలి వచ్చిన న్యూ ఆర్లీన్స్ వారే. దీనిని వినే ముందు అదే స్టూడియోలో తయారైన 'బీ మై బేబీ'ని మరొకసారి వినండి. అక్కడ గదినిండా వాయిద్యాలను ఒకే గోడలా కలిపిన ప్రతిధ్వని, ఇక్కడ కొద్దిపాటి తాళవాద్యాల చుట్టూ, గుసగుసలాడే గొంతు చుట్టూ చీకటిని పరిచింది. స్టూడియో అదే, నిర్ణయాలు తీసుకున్నది వేరే మనుషులు.

జీన్ క్లార్క్, డాక్టర్ జాన్ పూర్తయ్యాక నాన్సీ సినాట్రా 1966 నాటి తొలి ఆల్బమ్ 'బూట్స్'కు వెళ్లండి. అందులోని ప్రసిద్ధమైన పాట 'దీజ్ బూట్స్ ఆర్ మేడ్ ఫర్ వాకిన్' ఆరంభంలో జారుతూ కిందికి దిగే నిలువు బేస్ చక్ బర్గాఫర్‌ది. దానితో పాటు ఎలక్ట్రిక్ బేస్ వాయించినది కెరల్ కే. వాద్యరచన బిల్లీ స్ట్రేంజ్‌ది. ముందు పేర్లను పక్కన పెట్టి, రెండు బేస్‌లు ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో మీ చెవితో గుర్తించి సెకన్లతో సహా రాసుకోండి. తర్వాత మామాస్ అండ్ పాపాస్ బృంద గాయని మామా క్యాస్ 1968 నాటి తొలి సోలో ఆల్బమ్ తీసుకుని, ఈసారి కవర్, పత్రం, చెవి అన్న ఇదే వరుసలో మొత్తం పనిని మీరే చేయండి.